ఒట్టుకూ బ్యాటరీకీ మధ్య నర్సింహమ్మ

మీ కారు మొరాయిస్తే దిగి తోయడానికి ఎందరు వస్తారు? అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను లెక్కలోంచి తీసేసి, నిజం చెప్పండి. తడుముకుంటున్నారా? లక్డారం నర్సింహమ్మను అడిగి ఉంటే తడుముకునేది కాదు. ఆమె కారును తోయడానికి రోజూ తెల్లవారుజామునే నలుగురు ఆడవాళ్లు కొంగులు నడుముకు దోపుకొని సిద్ధంగా నిలబడతారు. వాళ్లెవరో కాదు, ఆ కారులో కిరాయి ఇచ్చి ఎక్కే ప్రయాణికులే. తోసినందుకు తగ్గింపు అడిగిన మనిషి ఇంతవరకు లేదు. పైగా, ఎవరు బలంగా తోస్తే వాళ్లకే కిటికీ పక్క సీటు అన్న నియమాన్ని తామే చేసుకొని, తామే అమలు చేసుకొని, దాని మీద వచ్చిన తగాదాలను తామే తీర్చుకుంటారు. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు మూడూ ఒకే డిక్కీకి భుజాలు ఆనించి నెట్టే దృశ్యం మరెక్కడా కనబడదు.

నర్సింహమ్మ కూడా ఒకప్పుడు ఆ నలుగురిలాగే మందుగోళీల కంపెనీలో పని చేసింది. కదిలే పట్టీ ముందు షిఫ్టు పొడుగునా నిలబడి గోళీల అట్టలను డబ్బాల్లో పెట్టేది. ఇంటికి వచ్చేసరికి కాళ్లు ఉబ్బి, చెప్పులు కాళ్లను వదిలేవి కావు. కంపెనీ బస్సు ఊళ్లోకి రాదు. పెద్ద రోడ్డు దాకా చీకట్లో నడవాలి. ఒకవైపు కుక్కలు, ఇంకోవైపు దీపాలు ఆర్పుకొని దూసుకొచ్చే టిప్పర్లు. ఆ నడకలోనే ఆమెకు ఆలోచన తట్టింది: బస్సు ఊళ్లోకి రాకపోతే, ఊరే తన బండి తాను తెచ్చుకుంటే ఏం?

తట్టిన ఆలోచనను తట్టి పంపేసే రకం కాదు ఆమె. పటాన్‌చెరులో డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్పినాయన ఆమె పక్కన కూర్చున్నంతసేపూ కళ్లు మూసుకొని దేవుణ్ని తలచుకునేవాడని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. లైసెన్సు చేతికి రాగానే అమీన్‌పూర్‌లో శ్రావణ్‌కుమార్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడి దగ్గర ఒక ముసలి డీజిల్ కారు కొన్నది. అపార్ట్‌మెంటు మెట్లు దిగి వచ్చి తాళంచెవి ఇస్తూ ఆ పిల్లవాడు కాస్త మొహమాటపడ్డాడు.

"ఆంటీ, అన్నీ బాగానే ఉన్నాయి. బ్యాటరీ ఒక్కటే కొంచెం వీక్."

"నాలుగు మెట్లు దిగంగనే నీకూ దమ్మొస్తున్నది గద బిడ్డా. మీ అమ్మ నిన్ను అమ్మిందా మరి?" అని అడిగి, బండి ఎక్కి వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆ బ్యాటరీకి జరిగిన సేవ అత్తలకు కూడా జరగదు. సాయంత్రం బండి ఆపగానే బానెట్ ఎత్తి, పానాతో మైనస్ తీగ విప్పి పక్కకు పెట్టేది. ఏ చిన్న దీపమో, ఏ గడియారమో రాత్రంతా కనబడకుండా కరెంటు తాగుతుందని ఆమె అనుమానం. బ్యాటరీ కడ్డీల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొక్కును వంటసోడా కలిపిన వేడినీళ్లతో, అరిగిపోయిన పళ్లబ్రష్షుతో కడిగేది. తుడిచి ఆరబెట్టి, తీగలు బిగించి, పైన వాజిలిన్ రాసేది. లోపల నీళ్లు తగ్గితే మెకానిక్ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఊరి బోరు నీళ్ల చుక్క పడనిచ్చేది కాదు.

"నా కాళ్ల పగుళ్లకు దొరకని వాజిలిన్ బ్యాటరీకి దొరుకుతున్నది" అని ఆమె భర్త కొమురయ్య గుమ్మంలో కూర్చొని గొణిగేవాడు.

"నీ కాళ్లు బండిని స్టార్ట్ చేస్తయా? చేస్తయంటే చెప్పు, పూస్త."

ఇంత చేసినా చలి గాలి వీచిన పొద్దున బ్యాటరీ మూలిగేది. అందుకే ఇంటి ముందున్న ఎత్తు మీద, మూతి కిందికి ఉండేలా బండి ఆపి, చక్రం కింద రాయి పెట్టేది. రాయి తీసి నలుగురూ నెడితే, బండి వాలులోకి దొర్లి, రెండో గేరులో ఆమె క్లచ్ వదలగానే ఒక్క కుదుపుతో ఇంజన్ అందుకునేది. కొత్త బ్యాటరీ కొనమని చెప్పని వాళ్లు లేరు. టైర్లు, ఇన్సూరెన్సు ఉన్నదంతా మింగేశాయి. కొత్తది కొనాలంటే ముందు బండి నిలకడగా సంపాదించాలి. బండి సంపాదించాలంటే బ్యాటరీ పనిచేయాలి. ఈ వలయంలో ఆమె నవ్వుతూనే తిరుగుతూ ఉండేది.

ఇంతలో కంపెనీ ఒక మంచిమాట చెప్పింది. లక్డారం ఆడవాళ్ల కోసం ఒక బండిని శాశ్వతంగా మాట్లాడుకుంటారట. పటాన్‌చెరు నుంచి ఒక ట్రావెల్స్ ఆయన కొత్త వ్యానుతో పోటీకి వచ్చాడు. ఆడవాళ్లంతా నర్సింహమ్మ బండే కావాలని పట్టుబట్టడంతో, రవాణా చూసే అధికారి సూర్యారావు ఆమెకు ఒక్క వారం పరీక్ష పెట్టాడు. వారంలో ఒక్క రోజు షిఫ్టుకు ఆలస్యమైనా వ్యానుకే పని. ఇక్కడ ఓడితే ఏమవుతుందో నర్సింహమ్మకు బాగా తెలుసు. పాత ఇనుము కొనేవాడితో కొమురయ్య అప్పుడే మాట్లాడి ఉంచాడు. కారు తుక్కులోకి పోతుంది, తాను మళ్లీ ఆ పట్టీ ముందుకు పోతుంది.

వారం చక్కగానే నడిచింది. చివరి రోజుకు ముందు సాయంత్రం అట్ల బతుకమ్మ.

బడి గ్రౌండులో ఊరి ఆడవాళ్లంతా బతుకమ్మలు పెట్టి వలయం కట్టారు. పాటలు పెట్టే సౌండ్ బాక్సు పక్క ఊరికి కిరాయికి పోయింది. అందరికీ నర్సింహమ్మ కారు గుర్తొచ్చింది. కారులో పాటల డెక్కు ఉంది, దాని గొంతు మాత్రం ముసలిది కాదు. నర్సింహమ్మ కాదనలేదు, ఇంటికి పోయి, కారును గ్రౌండులోకి దింపి, నాలుగు తలుపులూ తెరిచి పాట పెట్టింది. ఆ తర్వాత ఆమె చేసిన పనిని పొదుపు తెలిసిన ఏ ఇల్లాలైనా చేస్తుంది: డీజిల్ ఎందుకు దండగని ఇంజన్ ఆపేసింది.

రెండు పాటలని మొదలుపెట్టింది రెండింటితో ఆగుతుందా? వలయం పెరిగింది, చప్పట్లు పెరిగాయి. తలుపులు తెరిచి ఉన్నందుకు లోపలి దీపం వెలుగుతోంది, పాట మోగుతోంది, నర్సింహమ్మ తిరుగుతోంది. మధ్యలో ఒకసారి బ్యాటరీ గుర్తొచ్చి కారు వైపు చూసింది. కాని బతుకమ్మ చుట్టూ వలయం తిరుగుతుండగా పాట ఆపే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికుంది? ఈ పాట అయిపోనీ అనుకుంది. ఆ పాట అయ్యేలోపు ఇంకో పాట అందుకుంది. చివరికి వాన చినుకులు పడి అంతా బతుకమ్మలను ఎత్తుకొని పరుగెత్తారు. నర్సింహమ్మ తలుపులు మూసి, మైనస్ తీగ సంగతే మరచి, తానూ పరుగెత్తింది.

పొద్దున తాళంచెవి తిప్పితే "టక్" అన్నది. రెండోసారి తిప్పితే అదీ అనలేదు.

"అక్కా, పాట పాడి పాడి దీని గొంతు పోయినట్టున్నది" అన్నది రవళి. నలుగురు ప్రయాణికుల్లో చిన్నది, నోరు మాత్రం అందరికంటే పెద్దది.

"నవ్వకు, తొయ్యి!" అన్నది నర్సింహమ్మ.

తోశారు. రవళి, ఆమె వెనక వేరే ఇంటి తోటికోడళ్లు ఇద్దరు, వాళ్లందరి వెనక, అందరికంటే గట్టిగా కేకలు వేస్తూ పెద్దమ్మ. ఈమె కంపెనీలో ఊడ్చే పని చేసే ముసలామె, ఊరందరికీ పెద్దమ్మే. కొమురయ్యను కూడా పిలిచారు. కాని రాత్రి వానకు గ్రౌండు పిండిముద్దలా మెత్తబడింది. వాలు లేదు, పట్టు లేదు. ఎంత నెడితే అంత చక్రాలు కిందికి పోతున్నాయి. ముందుకు కట్టి లాగుదామంటే బండి ముందున్న కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. ఊళ్లో మిగతా కార్లు పెళ్లికని సంగారెడ్డి పోయాయి.

అప్పుడు అందరూ ఒకేసారి తలలు తిప్పి ఒకేవైపు చూశారు, వెంటనే తిప్పేసుకున్నారు.

బడి గోడకు ఆనుకొని రేకుల షెడ్డు ఉంది. షెడ్డులో ట్రాక్టర్ ఉంది. ట్రాక్టర్‌లో, ఏనుగునైనా లేపగల బ్యాటరీ ఉంది. నర్సింహమ్మ డిక్కీలో, తుక్కు దుకాణంలో ఏరి తెచ్చుకున్న రెండు వెల్డింగ్ తీగలు, కొనలకు పళ్ల క్లిప్పులతో సహా సిద్ధంగా ఉన్నాయి. చట్టం, భౌతికశాస్త్రం, ఇంగితం మూడూ ఒప్పుకునే పరిష్కారం చేతికి అందేంత దూరంలో ఉంది. చిక్కల్లా ఒక్కటే. ఆ ట్రాక్టర్ పెద్దరాములుది. పెద్దరాములు కొమురయ్యకు సొంత అన్న. అన్నదమ్ములకు మాటలు బందయి ఏళ్లు గడిచాయి.

కారణం గెట్టు. ఇద్దరి పొలాల మధ్య గట్టు ఎవరిదన్న పంచాయితీలో మాటా మాటా పెరిగి, ఇద్దరూ పోచమ్మ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నారు: నీ ఇంటి నిప్పు ముట్ట, నీళ్లు ముట్ట అని తమ్ముడు, నీకు నిప్పివ్వ, నీళ్లివ్వ అని అన్న. తర్వాత రెండు పొలాలూ ప్లాట్లు చేసేవాళ్లకు అమ్ముడుపోయాయి. గెట్టు ఇప్పుడు ఏదో లేఅవుట్ కింద ఉంది. దాని మీద ఎవరో బాల్కనీ కట్టుకొని బట్టలారేసుకుంటున్నారు. వివాదాస్పద ఆస్తి మాయమయ్యాక వివాదం నిలవదని ఏ కోర్టయినా చెబుతుంది. కాని ఒట్టు మీద అప్పీలు వినే కోర్టు ఎక్కడుంది?

పెద్దరాములు షెడ్డు ముందు నిలబడి వేపపుల్ల నములుతున్నాడు. గ్రౌండులో జరుగుతున్నదంతా చూస్తున్నాడు. ఇంత వినోదం ఆయనకు ఈ మధ్యకాలంలో దొరకలేదని ముఖమే చెబుతోంది. మాటలు బందు కనుక, పక్కన కట్టేసి ఉన్న బర్రెతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"సూసినవానే? కొందరికి పాటలు ఎక్కువైనయట. రాత్రంతా ఇనిపిస్తే పొద్దుగాల్ల బండి పండుకున్నదట."

కొమురయ్యకు మండింది. ఆయన కారు బానెట్ మీద చెయ్యి వేసి, కారుతో అన్నాడు: "ఇను! కొందరు పొద్దున లేస్తే బర్రెతోనే ముచ్చట పెడుతరట. మనిషి జన్మల మాట్లాడనీకి ఎవ్వరు దొరకనట్టున్నది."

"బర్రె నయం గదనే," అన్నాడు పెద్దరాములు బర్రె వీపు నిమురుతూ, "దానికి గెట్టు పంచాయితీ తెల్వదు."

"గెట్టు మాదే ఉండె!" అని కొమురయ్య కారు మీద అరిచాడు.

"అన్నలూ, జెర ఆగుండ్రి! మా షిఫ్టు పోతున్నది!" అని రవళి మధ్యలోకి దూరింది. "కొమురన్నా, ఒక్క సంగతి చెప్పు. ఒట్టు పెట్టింది నిప్పు మీద, నీళ్ల మీద. కరెంటు మీద పెట్టినవా?"

ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేయలేదు.

"కరెంటు నిప్పే గదా" అన్నాడు కొమురయ్య.

"ఎట్ల నిప్పు? ఫోను ఛార్జింగు పెడితే నిప్పు పెట్టినట్టా?"

"షాకు కొడితే కాలుతదా లేదా?" అని పెద్దమ్మ కలగజేసుకుంది. "నా చిన్నకోడలుకు మిక్సీ కాడ కొట్టి చెయ్యి కాలింది. కాలితే నిప్పే."

"పెద్దమ్మా, నువ్వు ఎవరి దిక్కు?"

"నేను నిజం దిక్కు. నిజం చెప్పుకుంట డ్యూటీకి గూడ పోవాలె."

తోటికోడళ్లలో ఒకామె నెమ్మదిగా, అందరినీ ముంచే సందేహం ఒకటి వేసింది: "బ్యాటరీల నీళ్లు గూడ ఉంటయి గద అక్కా?"

నిజమే. బ్యాటరీలో నీళ్లూ ఉన్నాయి, నిప్పూ ఉంది. ఒట్టులోని రెండు నిషేధాలూ ఆ నల్లడబ్బాలో ఒకేచోట కూర్చొని ఉన్నాయి. ఇంత పక్కాగా ఒట్టుకు విరుద్ధమైన వస్తువును పోచమ్మ కూడా ఊహించి ఉండదు.

"సూసినవా! డబుల్!" అన్నాడు కొమురయ్య. ఓడిపోతున్నానన్న భయం పోయి, గెలిచానన్న సంబరం ముఖంలోకి వచ్చింది. తాను గెలిస్తే భార్య ఓడుతుందన్న సంగతి ఆయనకు ఇంకా తట్టలేదు.

నర్సింహమ్మకు తట్టింది. తూర్పున తెల్లబారుతోంది. పెద్ద రోడ్డు మీద కంపెనీ బస్సులు వరుసగా పోతున్న చప్పుడు వినబడుతోంది. మడమల దాకా బురద, చేతిలో పానా. ఈ ఇద్దరు మగవాళ్లు ఎప్పుడో లేకుండా పోయిన ఒక గట్టు గురించి, ఒక బర్రెకూ ఒక కారుకూ చెప్పుకుంటూ ఉంటే, తన కాళ్లు మళ్లీ ఆ పట్టీ ముందు నిలబడాలి. ఆమెకు కోపం రావాలి. వచ్చింది నవ్వు. ఆ నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు గాని ఆపలేకపోయింది. నవ్వుతూనే భర్త దగ్గరికి నడిచింది.

"ఏందయ్యా, ఒక్కటడుగుత. ఒట్టు పెట్టిందెవరు?"

"నేనే."

"బండి ఎవరి పేర ఉన్నది?"

"నీ పేర."

"ఆర్‌సీల నీ పేరున్నదా?"

"లేదు."

"బండి ఏమన్న ఒట్టు పెట్టిందా?"

"బండి ఎట్ల పెడతదే?"

"మరి నీ ఒట్టు నా బండికి ఎందుకు సుట్టుకుంటది? నువ్వు ముట్టకు. ఆడ నిలవడు. చేతులు వెనక్కి పెట్టుకో."

కొమురయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వ్యక్తి చేసిన ప్రమాణం ఆ వ్యక్తినే బంధిస్తుంది గాని అతని భార్య ఆస్తిని బంధించదన్న సూత్రాన్ని చెప్పడానికి చట్టానికి పేజీలకు పేజీలు పట్టాయి. లక్డారం బడి గ్రౌండులో దానికి అయిదు ప్రశ్నలు సరిపోయాయి.

పెద్దరాములు బర్రె వైపు వంగాడు. "ముట్టేటోళ్లకు ఒట్టు లేకపాయె. ఇచ్చేటోనికి ఉన్నది గదనే?"

ఇది గట్టి పాయింటే.

నర్సింహమ్మ గోడ దగ్గరికి నడిచింది. తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడి నేరుగా మాట్లాడటం ఆ ఇంట్లో మాటలు బందు కాకముందు కూడా లేదు. కొంగు తల మీదికి లాక్కొని, పక్కకు తిరిగి, ఏ పిల్లల చేతో చెప్పించడమే వాడుక. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. అంతవరకు వాడుక. ఆ తర్వాత సూటిగా ఆయన ముఖంలోకి చూసింది.

"బావా, బర్రెనెందుకు పరేషాన్ చేస్తరు, నాతోనే మాట్లాడుండ్రి. మీరు మీ తమ్మునికి ఇయ్యనని ఒట్టు పెట్టుకున్నరు. నాకు ఇయ్యనని పెట్టుకున్నరా?"

వేపపుల్ల ఆగిపోయింది. పెద్దరాములు ఆ పంచాయితీ రోజును మనసులో తిరగేసుకున్నాడు.

"నీ మాట రాలే ఆడ" అన్నాడు.

"మరి?"

"మరి అంటే... ఇన్నేండ్లల్ల నువ్వు ఏదన్న అడిగితే గద, ఇచ్చేది లేనిది తెలిసేది. ఎవ్వరు అడగలే."

"ఇప్పుడడుగుతున్న. జెర ట్రాక్టర్ ముంగటికి తియ్యిండ్రి బావా. మా డ్యూటీ పోతున్నది."

పెద్దరాములు వేపపుల్ల పారేసి, బర్రెకు ఒక్క మాట కూడా చెప్పకుండా షెడ్డులోకి పోయాడు. ట్రాక్టర్ గుర్రుమంటూ లేచింది. బురదను లెక్కచేయకుండా గ్రౌండులోకి వచ్చి, కారు మూతికి మూతి ఆనేంత దగ్గరగా ఆగింది. నర్సింహమ్మ వెల్డింగ్ తీగలు తీసింది. ఎర్ర గుర్తున్న దాన్ని ట్రాక్టర్ ప్లస్‌కు, తన ప్లస్‌కు పెట్టింది. రెండో తీగ ఒక కొనను ట్రాక్టర్ మైనస్‌కు, ఇంకో కొనను బ్యాటరీకి దూరంగా తన ఇంజన్ ఇనుముకు కరిపించింది. చిన్న మెరుపు మెరిసింది.

"అగో, నిప్పు!" అన్నాడు కొమురయ్య దూరం నుంచి, చేతులు వెనక్కే పెట్టుకొని.

"పోచమ్మ ఏమనుకుంటదో ఏమో" అన్నది తోటికోడలు.

"ఏమనుకుంటది? ఆడోళ్ల డ్యూటీ సంగతి పోచమ్మకు తెల్వదా?" అన్నది పెద్దమ్మ, కిటికీ పక్కనున్న ముందు సీటులోకి ఎక్కి కూర్చుంటూ. ఈ రోజు అందరికంటే తక్కువ తోసింది తానేనన్న సంగతి ఎవరికీ గుర్తు రాకముందే తలుపు వేసుకుంది.

ట్రాక్టర్‌ను కాసేపు అలా నడవనిచ్చి, నర్సింహమ్మ తాళంచెవి తిప్పింది. కారు ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆ తర్వాత వీధంతా వినబడేలా నవ్వినట్టు లేచింది. ఆడవాళ్లు కేకలు వేశారు. బర్రె బెదిరి తాడు తెంపుకోబోయింది. తీగలు విప్పాక, ట్రాక్టర్ చుట్టూ తిరిగి వచ్చి కారును వెనక నుంచి మెల్లగా ముక్కుతో నెట్టి గట్టి నేల మీదికి తెచ్చింది. అన్నీ అయ్యాక చూస్తే కొమురయ్య ఒక్కడే బురదలో మిగిలాడు, ఒట్టు చెక్కుచెదరకుండా.

ఆ ప్రయాణంలో మాటల కంటే నవ్వులే ఎక్కువ. నర్సింహమ్మ ఎక్కడా ఇంజన్ ఆగనివ్వలేదు, డెక్కు ముట్టనివ్వలేదు, ఫోను ఛార్జింగు పెట్టబోయిన రవళి చేతి మీద ఒక్కటేసింది. లారీల మధ్య నుంచి, గుంతల పక్క నుంచి, వానకు నల్లబడ్డ రోడ్డు మీద ఆ ముసలి కారు పెళ్లికి పోతున్నట్టు పోయింది. కంపెనీ గేటు దగ్గరికి చేరేసరికి షిఫ్టు సైరన్ మోగడం మొదలైంది. నలుగురూ దిగి, చీరలు పట్టుకొని లోపలికి పరుగెత్తారు. సైరన్ ఆగేలోపు హాజరు పడింది.

గెలిచానని నర్సింహమ్మ ఊపిరి పీల్చుకోబోయింది. అప్పుడు గేటు గదిలోంచి సూర్యారావు బయటికి వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి. మాట మెత్తన, రూలు గట్టి.

"గేటు దగ్గర ఇంజను ఆపాలమ్మా. కెమికల్ ఏరియా. ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూపించండి. చివరి రోజు కదా, ఒకసారి చూసేస్తే నా పనైపోతుంది."

ఆపింది. తాళంచెవి తిప్పింది. కారు "ఉహూ" అన్నట్టు మూలిగి ఆగిపోయింది.

నర్సింహమ్మ దిగింది, బానెట్ ఎత్తింది, ప్లస్ కడ్డీ మీది బిగింపును చేత్తో కదిపి చూసింది. తోపుడు కుదుపులకు వదులైంది. పానాతో బిగించి, వచ్చి కూర్చొని మళ్లీ తిప్పింది. ఈసారి మూలిగి, ముక్కి, లేచింది.

సూర్యారావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "బాగుందమ్మా. టైముకు రావడం కూడా వారమంతా చూశాను. ఒక్క ప్రశ్న మాత్రం ఉంది. రేపు ఇది ఎంత బిగించినా లేవకపోతే? ఆ వ్యాను ఆయన ఇంకో బండి రెడీగా పెడతానన్నాడు. మీకు స్టాండ్‌బై ఏంటండీ?"

"తోస్తరు సార్, మావోళ్లు."

"తోయడం స్టాండ్‌బై కాదమ్మా."

బాగుంటుంది సార్, ఎప్పుడూ ఆగదు అని చెప్పవచ్చు. అందరూ అదే చెబుతారు. కాని ఆగుతుంది, పొద్దున ఆగింది. అబద్ధం చెప్పి తెచ్చుకున్న పని ఎన్నాళ్లుంటుంది?

"ట్రాక్టర్ ఉన్నది సార్."

"ట్రాక్టరా? ఆడవాళ్లని ట్రాక్టర్ మీద తీసుకొస్తారా?"

"వాళ్లను కాదు సార్, బండిని లేపనీకి. పొద్దున లేపింది. అందుకే వచ్చిన."

"ఎవరిది?"

"మా బావది."

"రోజూ ఇస్తారా ఆయన? గ్యారంటీ ఏంటి?"

గ్యారంటీ. అన్నదమ్ముల ఒట్లు, గెట్టు, బర్రె ముచ్చట్లు అన్నీ ఆమె కళ్లముందు తిరిగాయి. ఏ ఒక్కటీ ఈయనకు చెప్పేది కాదు.

"అడిగితే ఇస్తడు సార్" అన్నది. "అడిగే మనిషిని నేనున్న."

సూర్యారావు ఆమెను, కారును, బురద అంటిన ఆమె పాదాలను చూశాడు. "దసరా సెలవు అయ్యాక మొదలుపెట్టండి. మొదటి బిల్లు రాగానే మాత్రం కొత్త బ్యాటరీ. ఈలోపు ఒక్క రోజు ఆలస్యమైనా నన్ను అడగొద్దు."

సాయంత్రం కొమురయ్య ఇంటి ముందు ఎత్తు దగ్గర, చక్రం కింద పెట్టే రాయి పట్టుకొని నిలబడ్డాడు. పని దొరికిందన్న కబురు అప్పటికే రవళి ఫోనులో ఊరంతా చాటింది. పాత ఇనుము వాడికి రావద్దని తానే చెప్పేశాడు కూడా. కారు మలుపు తిరిగి వచ్చింది. ఆయన రాయి పట్టుకొని ముందుకు వంగాడు. కారు ఆగలేదు. ఆయన్ను దాటి, బడి గోడ పక్క నుంచి తిరిగి, రేకుల షెడ్డు కింద ట్రాక్టర్‌కు ఎదురుగా, మూతికి మూతి పెట్టి నిలబడింది.

కొమురయ్య రాయితో సహా పరుగెత్తుకొచ్చి, షెడ్డు హద్దు దగ్గర గీత గీసినట్టు ఆగాడు.

"ఏందే ఇది? మనింటి ముంగట జాగ లేదా?"

"వాలు మీద ఉంటే లేస్తదా లేదా అని రోజు భయం. ఈడ భయం లేదు. ఇగ బండి ఈడనే పంటది."

"నేను గీ షెడ్డుల కాలు పెట్టను!"

"పెట్టకు. నీకు ఒట్టున్నది, నాకు లేదు." ఆమె షెడ్డు లోపలికి తిరిగి అడిగింది: "బావా, బండి ఈడ పెట్టుకోవచ్చునా?"

పెద్దరాములు షెడ్డు లోపల మంచం మీద లేచి కూర్చున్నాడు. అలవాటు చొప్పున బర్రె వైపు తిరిగాడు. ఏమనుకున్నాడో, మళ్లీ ఇటు తిరిగాడు.

"నర్సింహమ్మా, ఆ తీగలు డిక్కీలెందుకు? ఈ మొలకు తగిలియ్యి. పొద్దుగాల్ల ఎతుకుడు తప్పుతది."

"అట్లనే బావా."

ఆమె బానెట్ ఎత్తి మైనస్ తీగ విప్పింది, వెల్డింగ్ తీగలను షెడ్డు గుంజకున్న ఆ మేకుకు వేలాడదీసింది, తాళంచెవిని కొంగున ముడేసుకుంది. బయట కొమురయ్య ఇంకా రాయి మోస్తూనే నిలబడ్డాడు. ఆయన మాట్లాడతాడో, ఒట్టు వదులుతాడో, ఎన్నాళ్లకు వదులుతాడో అది ఆయన ఇష్టం; ఆ అన్నదమ్ములను కలపడం తన పని కాదని నర్సింహమ్మ తేల్చుకుంది. తన పని పొద్దున నలుగురు ఆడవాళ్లను గేటు దగ్గర దింపడం. కొత్త బ్యాటరీ వచ్చేదాకా, వచ్చిన తర్వాత కూడా, తన కారు ఆ షెడ్డులోనే ఉంటుందని, ఎవరిని ఏది అడగాలన్నా ఇకమీదట తానే అడుగుతానని నిర్ణయించుకొని, ఇంటికి నడిచింది.